నల్లరేగడి స్థలంలో సొంతిల్లు: ఏ పునాది వేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. సత్తెనపల్లి వైపు ఊళ్ళో ఆరు సెంట్ల స్థలం, పైనంతా నల్లరేగడి. ఇప్పుడు కింద ఒకటి, పైన ఒకటి కట్టి, పిల్లలు పెద్దయ్యాక ఇంకో అంతస్తు వేయాలని ఉంది. అయిదడుగుల గుంతలు తీసి పిల్లర్లు లేపితే చాలు, ఊరంతా అలాగే కట్టారని మేస్త్రి అంటున్నాడు. మీ బావమరిది రాఫ్ట్ (ఇల్లంతటి కిందా ఒకే కాంక్రీటు పలక) వేయించమంటున్నాడు. ఎదురింటివాళ్ళు పైల్స్ (నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు) వేయించారు. మీ నాన్నగారేమో వాళ్ళ కాలంలోలా రాతి పునాది చాలదా అంటున్నారు. నలుగురూ నాలుగు రకాలు చెబుతుంటే టెన్షన్ పడటం సహజమే.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. రేగడి కింద గట్టి పొర ఏడెనిమిది అడుగుల లోపు తగిలితే, రేగడి మొత్తం దాటి ఆ పొర మీద విడివిడి ఫుటింగ్‌లు (ఒక్కో పిల్లర్ అడుగున వెడల్పు కాంక్రీటు దిమ్మలు) కూర్చోబెట్టి, పైన అన్నిటినీ కలుపుతూ ప్లింత్ బీమ్ వేయండి. పది, పన్నెండు అడుగులు పోయినా రేగడే ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్‌కి వెళ్ళండి. రాఫ్ట్ మీ కేసులో చివరి దారి. రేగడిలో రాతి పునాది వద్దు. మేస్త్రి చెప్పిన అయిదడుగుల లోతు మీ స్థలంలో సరిపోతుందో లేదో గుంత తీసి చూడకుండా నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో ఇళ్ళకి స్ట్రక్చరల్ డిజైన్లు చేస్తూ, సైట్లు చూస్తూ ఉన్నవాణ్ణి. నేను చూసిన పగిలిన ఇళ్ళలో ఎక్కువ వాటికి సిమెంటూ, ఇనుమూ తక్కువై కాదు. కింద నేలేమిటో తెలుసుకోకుండా ముగ్గు పోసేయడం వల్ల. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రేగడితో అసలు చిక్కేమిటి

చాలామంది రేగడి మెత్తన, బరువు మోయలేదు, ఇల్లు దిగిపోతుంది అనుకుంటారు. అసలు బాధ వేరు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మే నెలలో మీ పొలం గట్టు మీద చూడండి, చెయ్యి దూరేంత బీటలు ఉంటాయి. జులై వానలకి అవే బీటలు మూసుకుపోతాయి. అంటే నేల ఏడాదికోసారి పైకి లేచి కిందికి దిగుతోందన్నమాట. ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే బాధ లేదు. ఎండ, గాలి తగిలే అంచుల్లో నేల ముందు ఎండుతుంది. ఇంటి నడిమి భాగం కింద తడి అలాగే ఉంటుంది. బాత్రూమ్ పైపు కారే మూల ఉబ్బే ఉంటుంది, వేపచెట్టు వేళ్ళు నీళ్ళు లాగేసే మూల కుంగుతుంది. ఒకే గోడకి అటు చివర ఒక కదలిక, ఇటు చివర ఇంకో కదలిక. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వచ్చేది అందుకే.

ఇందులో చాలామందికి నమ్మబుద్ధి కాని విషయం ఒకటుంది. రేగడిలో తేలిక కట్టడానికే దెబ్బ ఎక్కువ. ఉబ్బే నేల పైకి నెట్టే బలం గట్టిగా ఉంటుంది. మూడు అంతస్తుల బరువున్న పిల్లర్ దాన్ని చాలావరకు అణిచిపెడుతుంది. పోర్టికో, మెట్లు, ప్రహరీ గోడ, గచ్చు, వీటికి ఆ బరువు లేదు. అందుకే ఇల్లు నిక్షేపంగా ఉండి పోర్టికో విడిపోయిన ఇళ్ళు మన వైపు ఊరికొకటి కనిపిస్తాయి. నరసరావుపేట వైపు ఒక ఇంట్లో అసలు పిల్లర్లన్నీ ఏడడుగుల కింద సుద్ద నేల మీద కూర్చోబెట్టారు. పోర్టికో రెండు పిల్లర్లకు మాత్రం "ఇంతే కదా" అని మూడడుగులకే ఆపేశారు. రెండో వానాకాలానికి పోర్టికో స్లాబు, ఇంటి బీము కలిసేచోట బొటనవేలు పట్టేంత సందు వచ్చింది. సందులో సిమెంటు కూరితే మళ్ళీ ఎండాకాలానికి పగిలింది. అక్కడ పని సిమెంటుతో తీరేది కాదు, ఆ రెండు పిల్లర్ల కింద కూడా అదే లోతుకు పోవాల్సింది.

భూమిలో ఈ తడి పొడి మార్పు ఎంత లోతు దాకా ఉంటుందన్నది అసలు లెక్క. మన దేశపు నల్లరేగడి నేలల్లో దాన్ని సుమారు మూడున్నర మీటర్లు, అంటే పదకొండు పన్నెండు అడుగులుగా తీసుకుంటారు. ఆ లోతు దాటితే నేల ఏడాది పొడుగునా ఒకేలా ఉంటుంది. కాబట్టి మీ పునాది అడుగు ఉబ్బని పొర మీదైనా కూర్చోవాలి, లేదా ఆ మూడున్నర మీటర్ల కిందికైనా పోవాలి. మిగతాదంతా ఈ రెంటిలో మీ స్థలానికి ఏది కుదురుతుందన్న లెక్కే.

ముందు గుంత తీయించండి

జేసీబీని గంటసేపు మాట్లాడుకుని, ఇల్లు రాని మూలన ఒకటి, ఎదురు మూలన ఒకటి, పది పన్నెండు అడుగుల లోతు గుంతలు తీయించండి. పిల్లర్ వచ్చే చోట తీయించొద్దు, తర్వాత అక్కడ వదులు మట్టి మిగులుతుంది. గుంతలోకి దిగొద్దు, పక్కలు విరిగి పడే ప్రమాదం ఉంది. పైనుంచే చూడండి, బకెట్లో వచ్చిన మట్టిని చేత్తో పట్టుకుని చూడండి. మీ ప్రాంతంలో సాధారణంగా పైన మూడు నుంచి ఎనిమిది అడుగుల రేగడి, దాని కింద తెల్ల గుళికలు కలిసిన పసుపు మట్టి లేదా సుద్ద, ఇంకా కిందికి పోతే కొన్నిచోట్ల సున్నపురాయి లేదా నాపరాయి పొర తగులుతాయి. పిడుగురాళ్ళ సున్నం, మాచర్ల నాపరాళ్ళు ఆ రాతి పట్టీలోవే. రంగు మారే లోతు, గట్టిదనం మారే లోతు టేపుతో కొలిచి రాసుకోండి. రెండు గుంతల్లో లోతులు తేడాగా ఉంటే అది చాలా ముఖ్యమైన సమాచారం.

గట్టిదనానికి ఒక చిన్న పరీక్ష. బకెట్లో వచ్చిన చెదరని గడ్డలోకి బొటనవేలు సులువుగా దిగిపోతే మెత్తన మట్టి. గట్టిగా నొక్కితే సొట్ట మాత్రమే పడితే పర్వాలేదు. గోరు గీత మాత్రమే పడితే మంచి గట్టి మట్టి. ఇది డిజైన్‌కి సరిపోదు, మీకో అవగాహన కోసం.

ఉబ్బే గుణం చూసే పరీక్షనీ ఇంట్లోనే సుమారుగా చేసుకోవచ్చు. ఎండబెట్టి, మెత్తగా నలిపి, జల్లించిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు వంద మిల్లీలీటర్ల కొలత గాజు గొట్టాల్లో పోయండి. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో కిరోసిన్ వంద మార్కు దాకా నింపి, పుల్లతో కలిపి గాలి బుడగలు పోనిచ్చి, ఒక రోజు కదపకుండా వదిలేయండి. కిరోసిన్‌కి రేగడి ఉబ్బదు, నీళ్ళకి ఉబ్బుతుంది. మర్నాడు చూస్తే కిరోసిన్ గాజులో మట్టి పది దగ్గరే ఉంటుంది, నీళ్ళ గాజులో పదిహేనో, పద్దెనిమిదో దాకా లేచి ఉంటుంది. ఆ తేడాని కిరోసిన్ కొలతతో భాగించి శాతం చేస్తే వచ్చేదే ఫ్రీ స్వెల్ ఇండెక్స్. ల్యాబులో ఐఎస్ (భారతీయ ప్రమాణం) 2720 నలభయ్యో భాగం ప్రకారం చేసేది ఇదే. యాభై శాతం దాటితే బాగా ఉబ్బే నేల అనుకోండి. అయితే ఇల్లు కట్టే ముందు ల్యాబ్ రిపోర్టు తెచ్చుకోవాల్సిందే. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులు చేస్తాయి, చాలా ఇంజినీరింగ్ కాలేజీల సాయిల్ ల్యాబుల్లోనూ చేస్తారు. మామూలుగా దానికయ్యే ఖర్చు ఇంటి మొత్తం ఖర్చులో ఒక శాతం కూడా ఉండదు. గృహప్రవేశం వంటలకు అంతకన్నా ఎక్కువ పెడతాం.

బోర్ వేసి పరీక్ష చేసేవాళ్ళు వస్తే దగ్గరుండి చూడండి. అరవై మూడున్నర కిలోల సుత్తిని డెబ్బై అయిదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, ముప్పై సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. అదే ఎస్‌పీటీ. రిపోర్టు చేతికొచ్చాక మూడు అడగండి: ఎంత లోతులో ఎంత బేరింగ్ కెపాసిటీ (చదరపు మీటరు నేల మోయగల బరువు), నేల ఉబ్బేదా కాదా, నీళ్ళు ఏ లోతులో తగిలాయి. ఈ మూడూ లేని రిపోర్టుకి డబ్బులివ్వకండి.

బేరింగ్ కెపాసిటీ ఫుటింగ్ సైజుని ఎలా మారుస్తుంది

పన్నెండడుగుల దూరంలో పిల్లర్లున్నాయనుకుందాం. మధ్య పిల్లర్ మీద పడేది 12 × 12, అంటే 144 చదరపు అడుగుల, సుమారు పదమూడున్నర చదరపు మీటర్ల స్లాబు బరువు. స్లాబు, బీములు, గోడలు, గచ్చు, మనుషులు, సామాను అన్నీ కలిపి ఒక్కో అంతస్తుకి చదరపు మీటరుకు 1.3 టన్నులు వేసుకుంటే, మూడు స్లాబులకి యాభై పైచిలుకు టన్నులు. ఫుటింగ్ సొంత బరువుతో కలిపి అరవై అనుకోండి.

నేల చదరపు మీటరుకు 20 టన్నులు మోస్తే 3 చదరపు మీటర్ల ఫుటింగ్ చాలు. అంటే అయిదడుగుల ఎనిమిది అంగుళాల చదరం. అదే 10 టన్నులే మోస్తే 6 చదరపు మీటర్లు, అంటే ఎనిమిదడుగుల చదరం. 5 టన్నులే మోస్తే 12 చదరపు మీటర్లు కావాలి, పదకొండడుగులు దాటుతుంది. పిల్లర్ల మధ్య దూరమే పన్నెండు కాబట్టి ఫుటింగ్‌లన్నీ ఒకదానికొకటి ఆనుకుంటాయి. అప్పుడు విడివిడిగా వేయడంలో అర్థం లేదు, రాఫ్టే న్యాయం. ఫుటింగ్‌లన్నీ కలిపి ఇంటి విస్తీర్ణంలో సగం దాటితే రాఫ్ట్ గురించి ఆలోచించమని చెప్పేది ఇందుకే.

ఇది రఫ్ లెక్క. పిల్లర్ పిల్లర్‌కీ బరువు మారుతుంది, మూల పిల్లర్‌కి తక్కువ, మెట్ల దగ్గర, నీళ్ళ ట్యాంకు కింద ఎక్కువ. మేస్త్రి మాత్రం అన్నిటికీ "నాలుగున్నర బై నాలుగున్నర" అని ఒకే కొలత చెబుతాడు. ఆయన పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మీ నేల సంగతీ, మీరు పైన వేయబోయే అంతస్తు సంగతీ ఆ కొలతకి తెలియవు. మూడో స్లాబు పదేళ్ళ తర్వాత వేసినా దాని పునాది ఇప్పుడే వేయాలి. ఇది డిజైనర్‌కి మొదటి రోజే చెప్పండి.

మీకున్న నాలుగు దారులు

విడివిడి ఫుటింగ్‌లు: మీకు మొదటి ఎంపిక ఇదే. షరతు ఒక్కటే, అన్నీ రేగడి దాటి గట్టి పొరలోకి కనీసం అడుగైనా దిగాలి. ఒక మూలలో గట్టి పొర ఆరడుగులకి, ఇంకో మూలలో ఎనిమిదికి తగిలితే ఆ మూలలో ఎనిమిదికి పోవాల్సిందే. "అన్నీ ఒకే లెవెల్" అన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు. గుంత లోతు కాదు సమానంగా ఉండాల్సింది, కింద నేల సమానంగా ఉండాలి. పక్కపక్క ఫుటింగ్‌ల లోతుల్లో తేడా వస్తే, పై ఫుటింగ్ బరువు కింది గుంత పక్కల మీద పడకుండా చూసుకోమని ఇంజినీర్‌కి చెప్పండి. గుంత మరీ లోతుగా తవ్వి కాస్త ఎక్కువైతే, ఆ మట్టినే తిరిగి వేసి సరిచేయనివ్వకండి, బెడ్ కాంక్రీటు (ఫుటింగ్ కింద పరిచే కాంక్రీటు పొర)తోనే నింపించండి.

అండర్ రీమ్డ్ పైల్స్: రూర్కీలోని సీబీఆర్‌ఐ (కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ) మన రేగడి నేలల కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి. పది పన్నెండు అంగుళాల బొరియ ఆగర్ (మట్టి తొలిచే బరమా)తో తవ్వి, అడుగున ప్రత్యేక పనిముట్టుతో దాన్ని రెండున్నర రెట్లు వెడల్పు చేస్తారు. కాంక్రీటు పోశాక అడుగున ఉల్లిగడ్డలా లావుగా ఉంటుంది. పై మట్టి ఉబ్బి లాగినా ఆ గడ్డ పట్టుకుని పైకి రానివ్వదు. ఐఎస్ 2911 మూడో భాగం ప్రకారం లోతైన రేగడిలో పైల్ పొడవు మూడున్నర మీటర్లకు తగ్గకూడదు. పిల్లర్ కింద ఒకటా, రెండా, మూడా అన్నది బరువుని బట్టి ఉంటుంది.

పద్ధతి మంచిదే, ఇబ్బందల్లా చేసేవాళ్ళతో. అడుగున గడ్డ సరిగ్గా తవ్వారో లేదో పైనుంచి కనపడదు. పనిముట్టు తెరుచుకున్నప్పుడు పైన హ్యాండిల్ ఎంత కదిలిందో చూసి వ్యాసం లెక్క కడతారు, ప్రతి పైల్‌కీ అది రాయించండి. బొరియ తవ్విన రోజే కాంక్రీటు పడాలి. అడుగున వదులు మట్టి మిగలకూడదు. నీళ్ళు పైకి ఉన్నచోట, ఇసుక పొరలు ఉన్నచోట బొరియ కూలిపోతుంది, అక్కడ ఈ పద్ధతి మామూలుగా కుదరదు. ఇంకోటి, పైల్స్ మీద వచ్చే బీము నేలకి ఆనకూడదు. రేగడిలో బీము కింద కనీసం 80 మిల్లీమీటర్లు, మూడంగుళాల పైన ఖాళీ వదలమని కోడ్ చెబుతుంది. బీముని నేల మీదే పోస్తే కింద రేగడి ఉబ్బి బీముని ఎత్తేస్తుంది, పైల్స్‌కి పెట్టిన డబ్బంతా వృథా. ఎదురింటివాళ్ళని ఈ ఒక్కటి అడిగి చూడండి, మంచి పనివాళ్ళే చేశారో లేదో తెలిసిపోతుంది.

రాఫ్ట్: అమరావతి సచివాలయం టవర్లకి రాఫ్ట్ వేశారని అందరికీ తెలియడంతో, అదే అన్నిటికన్నా గట్టిదన్న పేరు పడింది. పెద్ద టవర్ల బరువు వేరు, వాటి పునాది లోతు వేరు. మీ ఇంటికి నాలుగడుగుల లోతులో రేగడి మీదే రాఫ్ట్ పరిస్తే, అది కదిలే పొర మీదే కూర్చున్నట్టు. అంచులు ఎండి కుంగుతాయి, నడుమ ఉబ్బుతుంది. దాన్ని తట్టుకోవాలంటే కింద బీములు పెట్టి బాగా మందంగా వేయాలి, ఇనుము ఖర్చు బాగా పెరుగుతుంది. రాఫ్ట్‌కి నిజంగా తగిన చోట్లున్నాయి. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువు పూడ్చిన స్థలాలు, డెల్టాలో రెండు మూడడుగులకే నీళ్ళు ఊరే మెత్తటి ఒండ్రు నేలలు, బేరింగ్ అయిదారు టన్నులు దాటని చోట్లు. అక్కడ కూడా పూడ్చిన మట్టి తీసేశాకే, లేదా దాన్ని దాటి పైల్స్ వేయాలా అని చూశాకే.

రాతి పునాది: మీ నాన్నగారి మాటలో నిజం ఉంది, కానీ అది వేరే నేలకి. ఎర్రగరప, మొరం, గట్టి గ్రావెల్ నేలల్లో రెండడుగుల వెడల్పు రాతి కట్టడం, దాని మీద ఒక కాంక్రీటు బెల్టు, పైన తొమ్మిదంగుళాల ఇటుక గోడలతో ఒకటి రెండు అంతస్తులు పిల్లర్లు లేకుండానే చక్కగా నిలబడతాయి. రాయలసీమలో, తెలంగాణ చెలక నేలల్లో ఇప్పటికీ ఇది చవకైన, నమ్మకమైన పద్ధతే. అక్కడ అనవసరంగా పిల్లర్లు వేయించుకునేవాళ్ళని చూసి బాధేస్తుంది. రేగడిలో మాత్రం రాళ్ళ మధ్య అతుకు కదలికని తట్టుకోలేదు, ఒక్కచోట నేల లేస్తే అక్కడే విడిపోతుంది.

పునాది సరిగ్గా వేసినా ఇల్లు చెడగొట్టే పనులు

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డిజైన్ బాగుండీ పాడైన ఇళ్ళు ఇక్కడే పాడయ్యాయి.

అన్నిటికన్నా పెద్దది బేస్‌మెంట్ (గచ్చు కింది భాగం) నింపడం. పిల్లర్ గుంతల్లోంచి తీసిన నల్లమట్టి కుప్పలుగా పక్కనే ఉంటుంది. "ఎత్తి పోయడానికి ట్రాక్టర్ ఎందుకు, లోపలే వేసేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ఆ మట్టి మీద వేసిన గచ్చు మూడేళ్ళలో గదుల నడుమ ఉబ్బి, తలుపులు నేలకి రాసుకుంటాయి. పునాదికీ దీనికీ సంబంధం లేదు, కింద నల్లమట్టి ఉన్నందుకే అది. లోపల ఉన్న రేగడిని కూడా వీలైతే రెండు మూడడుగులు తీసేసి, ఎర్ర గ్రావెల్ తెప్పించి, తొమ్మిదంగుళాల పొరలుగా పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టించండి లేదా రోలర్ తిప్పించండి. ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి పరిశోధనతో వచ్చిన సీఎన్ఎస్ పొర అన్న ఆలోచన ఇదే: రేగడి మీద ఉబ్బని, కొంచెం జిగురున్న మట్టి పొర మందంగా ఉంటే కింది ఉబ్బు పైకి బాగా తగ్గుతుంది. గ్రావెల్‌కి బదులు ఉత్త ఇసుక నింపకండి. ఇసుకలోంచి నీళ్ళు సులువుగా దిగి కింది రేగడిని తడుపుతాయి.

పిల్లర్ గుంతల చుట్టూ తిరిగి నింపేది కూడా గ్రావెలే కావాలి, పొరలుగా.

రెండోది నీళ్ళు. పైకప్పు నీళ్ళు గోడ పక్కనే పడకుండా పైపు ద్వారా దూరంగా వదలండి. ఇంటి చుట్టూ మూడు నాలుగడుగుల వెడల్పున, బయటికి వాలుగా, గట్టి ఆప్రాన్ (గచ్చు పట్టీ) వేయించండి. చాలామంది దీన్ని "తర్వాత చూద్దాం" అంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత, సంపు పిల్లర్లకి దూరంగా ఉండాలి. వాస్తు ప్రకారం సంపు ఈశాన్యంలో కావాలంటే పెట్టుకోండి, కాకపోతే ఫుటింగ్ అంచు నుంచి దూరం ఎంతో డ్రాయింగ్‌లో వేయించి, లీకు కాకుండా లోపల వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. వేప, రావి లాంటి పెద్ద చెట్లు గోడకి దగ్గరగా నాటకండి.

మూడోది కాలం. వానాకాలంలో గుంతలు నీళ్ళతో నిండి అడుగు బురదవుతుంది. మే ఎండల్లో నేల పూర్తిగా కుంచించుకుని ఉన్నప్పుడు పునాది, గచ్చు వేస్తే, మొదటి వానకే కింద ఉబ్బు మొదలవుతుంది. సంక్రాంతి తర్వాత నుంచి మార్చి లోపు పునాది పని ముగిస్తే మీ వైపు అన్నిటికన్నా మేలు. ముహూర్తం ఎప్పుడైనా శంకుస్థాపన చేసుకోండి, గుంతలు మాత్రం బెడ్‌కి సామాను సిద్ధమయ్యాకే తీయించండి. చివరి ఆరంగుళాల మట్టి బెడ్ వేసే రోజు ఉదయం వరకు ఉంచండి. తెరిచిన రేగడి గుంత రెండు రోజులు ఎండకి ఉన్నా పక్కలు బీటలు వారతాయి.

కాంక్రీటు రోజు మీరు చూడాల్సినవి

బెడ్ 1:4:8 లేదా 1:3:6 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్ళు), నాలుగంగుళాలు. ఫుటింగ్ కాంక్రీటు ఎం20 గ్రేడుకి తగ్గకూడదు. మ్యాట్ (ఫుటింగ్‌లోని ఇనుప చువ్వల జాలీ) కింద దాన్ని ఎత్తిపట్టే 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు పెట్టాలి. కంకర రాయో, ఇటుక ముక్కో పెట్టి "చాలు సార్" అంటారు, ఇటుక ముక్క నీళ్ళు పీల్చి ఇనుముకి అందిస్తుంది, ఒప్పుకోవద్దు. ఫుటింగ్ అంచు మందం 150 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. మిక్సర్‌లో నీళ్ళు కొలిచి పోయించండి, పైపుతో పోయనివ్వకండి. పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటైతే కనీసం పది రోజులు తడపాలి, పద్నాలుగు చేస్తే ఇంకా మంచిది.

మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించండి. ఆర్‌సీసీ (ఇనుము వేసిన కాంక్రీటు)కి వాడే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 చెబుతుంది. పల్నాడులో కొన్ని ఊళ్ళలో బోరు నీళ్ళు ఇది దాటేస్తాయి, అప్పుడు ట్యాంకర్ తప్పదు.

చెదల మందు ప్లింత్ స్థాయిలో, గచ్చు వేసే ముందే కొట్టించాలి. తర్వాత కొట్టించాలంటే గచ్చు, గోడల కింద బెజ్జాలు పెట్టాలి.

ప్లింత్ బీమ్ గురించి ఒక్క మాట. ఖర్చు మిగుల్చుకోవాలని దీన్ని తగ్గించమని అడుగుతారు. ఐఎస్ 1893, 2016 నాటి భూకంప పటంలో విజయవాడ మూడో జోన్‌లో ఉంది, హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంది, జోన్ అంకె పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు ఆ అదురు హైదరాబాద్‌లోనూ, కృష్ణా తీరంలోనూ తెలిసింది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. మన దగ్గర భూకంపాలు రావని అనుకోవడానికి లేదు. పిల్లర్లు విడివిడిగా అటూ ఇటూ జరగకుండా కట్టి ఉంచేది ఆ బీమే, రెండు వైపులా పూర్తిగా, ఎక్కడా తెగకుండా ఉండాలి. బాత్రూమ్ పైపు కోసం దాన్ని పగలగొట్టకుండా ముందే స్లీవ్ (పైపు దూరే గొట్టం) పెట్టించండి.

మీ నేల మీరు అనుకున్నట్టు లేకపోతే

హైదరాబాద్ చుట్టుపక్కల ఇల్లు కట్టే మిత్రులు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ళకి రెండు మాటలు. అక్కడ రేగడి కన్నా ఎక్కువగా కనిపించే చిక్కు సగం బండ, సగం పూడిక. ఒక వైపు మూడడుగులకే బండ, ఇంకో వైపు పాత క్వారీ గుంతో, చెరువు అంచో పూడ్చిన మట్టి. బండ మీద ఉన్న పిల్లర్ దిగదు, పూడిక మీద ఉన్నది దిగుతుంది. అలాంటి చోట పూడిక వైపు ఎంత లోతైనా బండ దాకా పోవాలి. కుదరకపోతే ఆ వైపు పైల్స్ వేయాలి, లేదా ఇంటిని రెండు ముక్కలుగా చేసి మధ్యలో జాయింట్ వదలాలి. బండకి పలుచగా పొరలుంటే సుత్తితో కొట్టి మోత వినండి, డొల్లగా మోగితే ఆ పెంకు తీయించండి. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) పరిధిలో ఉందేమో పునాది ఆలోచన కన్నా ముందే చూసుకోండి.

మీ విషయానికొస్తే, ఈ వారం జేసీబీని పిలిచి గుంతలు తీయించండి. ఏ అడుగు దగ్గర రంగు మారింది, బొటనవేలు ఎంత దిగింది, నీళ్ళు ఊరాయా, కిరోసిన్ పరీక్షలో ఎంత తేడా వచ్చింది, ఫొటోలతో సహా పెట్టండి. గట్టి పొర ఏడెనిమిది అడుగుల లోపు తగిలితే మీ మేస్త్రితోనే పని చేయించుకోవచ్చు. లోతు, ఫుటింగ్ సైజు మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకంతో ఉన్న డ్రాయింగ్ ప్రకారం జరగాలి. ప్రతి గుంత అడుగూ బెడ్ వేయకముందు ఆ ఇంజినీర్ వచ్చి చూసి సరేనన్నాకే కాంక్రీటు పోయించండి. ఫీజు మాట్లాడుకునేటప్పుడే ఆ రాకపోకలు కూడా కలిపి మాట్లాడుకోండి, తర్వాత పిలిస్తే రారు.